నిమ్మకాయలు తొక్కిన రోటరీ కారు

మా నాయనది లారీల డీజిల్ పంపులు బాగుచేసే షాపు. గూడూరు నుంచి చిల్లకూరు వైపు వెళ్తుంటే హైవే పక్కనే ఉంటుంది. నాజిల్‌లోంచి డీజిల్ పొగలా చిమ్మాలి తప్ప ధారగా కారకూడదన్న సంగతి నాకు అక్షరాలకంటే ముందే తెలుసు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, చెన్నైలో కార్ల కంప్యూటర్లు బాగుచేసే చోట కొన్నేళ్లు పని నేర్చుకుని, తిరిగొచ్చి అదే షాపులో ఒక మూల బల్ల వేసుకున్నాను. నాయన బల్ల మీద నూనె, నా బల్ల మీద వైర్లు. మొదట్లో లారీ డ్రైవర్లు నన్ను చూసి, మీ నాయన లేడా పాపా అని అడిగేవాళ్లు. ఇప్పుడు నాయనను చూసి పాప లేదా అని అడుగుతున్నారు. ఈ మాట ఇంట్లో ఎత్తితే ఆ పూట నాయన అన్నం దగ్గర మాట్లాడడు.

ఆ కారు మా షాపుకి తాడు కట్టుకుని వచ్చింది. ముందు నిమ్మకాయల ఆటో, వెనక ఎర్రటి జపాన్ స్పోర్ట్స్ కారు. అందులో కూర్చుని స్టీరింగ్ తిప్పుతున్నది నిమ్మకాయల మండీ భాయ్. గూడూరు మార్కెట్లో ఆయన్ని ఎరగనివాళ్లు ఉండరు. అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, జేబులో ఎప్పుడూ రెండు నిమ్మకాయలు. సముద్రం ఒడ్డున కరెంటు ప్లాంటు కడుతున్నప్పుడు వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్లిపోతూ ఆ కారును ఆయనకు అమ్మాడు. రెండే సీట్లు. భాయ్ ఇంట్లో మనుషులు పదిమంది. ఎందుకు కొన్నారని అడిగితే, దాని చప్పుడు విన్నాక కొనకుండా ఉండలేకపోయానన్నారు. అంతకంటే మంచి కారణం నాకూ తెలియదు.

ఆ చప్పుడుకు కారణం దాని ఇంజిన్. రోటరీ అంటారు దాన్ని, అందులో పిస్టన్లు ఉండవు. వేరుశెనక్కాయ ఆకారంలో ఒక గది, ఆ గదిలో మూడు మూలల ఇనప బిళ్ల ఒకటి గిర్రున తిరుగుతుంది. అలాంటి గదులు రెండు, ఒకదాని వెనక ఒకటి. బిళ్ల మూడు మూలలకూ సన్నటి పట్టీలు. అవి గది గోడను ఒరుసుకుంటూ తిరుగుతూ గ్యాసు బయటికి పోకుండా కాస్తాయి. పెట్రోలు చాలక గది మరీ వేడెక్కినా, నిప్పురవ్వ పడాల్సిన క్షణానికి ముందే పడినా ఆ పట్టీలు విరుగుతాయి. విరిగాయంటే ఇంజిన్ పోయినట్టే. బాగున్నప్పుడు మాత్రం అంత చిన్న ఇంజిన్‌లోంచి అంత వేగం ఎలా వస్తుందా అనిపిస్తుంది.

ఉప్పుగాలికి దాని పాత కంప్యూటర్ లోపల పచ్చగా పట్టేసింది. అది చచ్చిపోతూ ఇంజిన్‌ను కూడా వెంట తీసుకుపోయింది. భాయ్ పట్టువదలని మనిషి కాబట్టి జపాన్ నుంచి కొత్త పట్టీలు తెప్పించి, కోయంబత్తూరులో ఇంజిన్ కట్టించారు. ఇవి పోతే ఇక దొరకవని కట్టినాయన చెప్పి పంపాడు. మనకు కావలసినట్టు రాసుకునే కొత్త కంప్యూటర్ కూడా ఒకటి కొన్నారు. అయితే అది ఖాళీగా వస్తుంది. ఏ వేగంలో ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు పెట్టాలో ఎవరో ఒకరు దానికి నేర్పాలి. నగరం నుంచి వచ్చిన ఒకాయన చూసి చెయ్యి పెట్టకుండానే వెళ్లిపోయాడు. ఇంకొకాయన చెయ్యి పెట్టాడు. పెట్టకుండా ఉంటే బాగుండేది, ఎందుకంటే ఆ తర్వాత అది నిమిషం కూడా తిరగలేదు.

ఇంతలో చెన్నైలో పాత కార్లు కొని మార్చే ఒక వ్యాపారి భాయ్ వెంట పడ్డాడు. రోటరీ తీసి పక్కన పారేసి మామూలు పిస్టన్ ఇంజిన్ పెట్టుకుంటానని ముఖం మీదే చెప్పాడు. విసిగిపోయి ఉన్న భాయ్ ఆయనకు మాట ఇచ్చేశారు. వేసవి అయిపోయేలోపు కారు తన ఇంజిన్‌తో తాను సముద్రం దాకా పోయి వస్తే అమ్మరు. పోలేకపోతే ఆయన లారీ తెచ్చుకుని ఎక్కించుకుపోవచ్చు. మండీలో ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఉండదు. అప్పుడు తాడు కట్టి నా దగ్గరికి తెచ్చారు.

"దాని ఇంజిన్ తీసేసినాక ఆ కారు నా వాకిట్లో ఉన్నా నాకొద్దమ్మా. నువ్వు చెయ్యగలిగితే చెయ్యి. లేదంటే ఇప్పుడే చెప్పు, ఆయన్ని పిలిపిస్తా," అన్నారు.

చెయ్యగలనో లేదో నాకు తెలియదు. కానీ భాయ్ మా షాపు పేరెత్తితే ఆ నగరం ఆయన పోతూ పోతూ, డీజిల్ షాపులో పెట్టి దీన్ని ఏం చేస్తారని అన్నాడట. ఆ ముక్క భాయ్ నాకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పారు. నేను ఒప్పేసుకున్నాను.

పని చెప్పుకోవడానికి తేలిక. కంప్యూటర్‌లో వందల గళ్ల పట్టిక ఉంటుంది. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోపలికి వచ్చే గాలి ఒత్తిడి. ఒక్కో గడిలో ఎంత పెట్రోలో ఒక అంకె. రోడ్డు మీద కారు ఒక్కో గడిలోకి వచ్చినప్పుడు సైలెన్సర్‌లో పొగను కొలిచే సెన్సార్ చెప్పేది చూసి ఆ అంకె దిద్దాలి. భాయ్ నడుపుతుంటే నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. చిల్లకూరు దాటాక కోట ఊరి వైపు, రొయ్యల గుంటల మధ్య రోడ్డు. మూడో గేరులో పెట్టండి, నెమ్మదిగా తొక్కండి, అక్కడే ఉంచండి అని నేను చెప్పడం, ఆయన మండీలో వేలంపాట వింటున్నంత శ్రద్ధగా వినడం. రొయ్యల గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసేవాళ్లు మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవాళ్లు. వాళ్ల ఇంజిన్ల పంపులన్నీ మా షాపుకు వచ్చేవే.

ఇలా కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత వెనక గది వేడెక్కడం మొదలైంది. రెండు గదులకూ విడివిడిగా వేడి చూపించే మీటర్లు పెట్టాను. ముందుది నిదానంగా ఉంటే వెనకది పైకి పైకి పోతోంది. షాపుకు తెచ్చి నాయనకు చూపించాను. ఆయన మీటరు వైపు ఒక్క చూపు చూసి తీర్పు ఇచ్చేశాడు.

"వేడెక్కతా ఉండాది గదా. పెట్రోలు తగ్గియ్యి," అన్నాడు.

ముప్పై ఏళ్లు డీజిల్‌తో బతికిన మనిషి అనే మాట అది. డీజిల్‌కు నూనె ఎక్కువైతేనే వేడి, నల్లపొగ. తగ్గిస్తే చల్లబడుతుంది. ఇక్కడ తిరకాసు. ఈ ఇంజిన్‌లో తొక్కి పట్టినప్పుడు మంటను చల్లబరిచేది కూడా పెట్రోలే. తగ్గించి తొక్కామంటే పట్టీలు ఆ రోజే పోతాయి. అదే చెప్పాను. నాయన ఒప్పుకోలేదు. నేను గొంతు పెంచాను, ఆయన పెంచాడు, అమ్మ లోపలి నుంచి వచ్చి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, తాగేలోపు మాట్లాడొద్దంది. నేను వెనక గదికి పెట్రోలు పెంచాను. వేడి కాస్త దిగింది కానీ, ఒకే ఇంజిన్‌లో రెండు గదులకు అంత తేడా ఎందుకుందో తేలలేదు. తేలకుండా తొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున నాయన వచ్చి, కారులోంచి పెట్రోలు ఇంజెక్టర్లన్నీ ఊడదీయమన్నాడు. కోపం పోయినట్టు లేదు. పంపులు సరిచూసే స్టాండు మీద వరసగా గాజు గొట్టాలుంటాయి. ఒక్కో నాజిల్ నుంచి ఎంత పడిందో వాటిలో కనబడుతుంది. ఇంజెక్టర్లను ఆ గొట్టాల మీద బిగించి, వాటికి కరెంటు దెబ్బలిచ్చే నా డబ్బాతో కొట్టించమన్నాడు. కొట్టించాను. వరసగా అన్ని గొట్టాల్లోనూ మట్టం సమానంగా లేచింది, ఒక్క దాంట్లో తప్ప. ఆ ఒక్కటీ వెనక గదిదే. నేను వెనక గదికి పెంచిన పెట్రోలు ఇంజిన్‌కు సగం కూడా చేరడం లేదన్నమాట. మూతి దగ్గర సన్నటి చెత్త పట్టి ఉంది.

నాయన దాన్ని కడిగి, మళ్లీ మట్టం చూసి, మళ్లీ కడిగాడు. నా పట్టిక తప్పు కాదని ఆయన అనలేదు. నీ స్టాండు లేకపోతే ఇది దొరికేది కాదని నేనూ అనలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే పళ్లెంలో జామకాయ ముక్కలు తిన్నాం. మా ఇంట్లో రాజీ అంటే అంతే.

అసలు నన్ను ఏడిపించింది రోడ్డు కాదు, పొద్దుటి స్టార్టు. రోటరీ చల్లగా ఉన్నప్పుడు లేవాలంటే పెట్రోలు దండిగా పొయ్యాలి. లేచాక వేడెక్కేదాకా ఆపకూడదు. వేడెక్కకముందే ఆపితే లోపల మిగిలిన పెట్రోలు ప్లగ్గులను ముంచేస్తుంది, గోడల మీది నూనెను కడిగేస్తుంది, పట్టీలకు పట్టు పోతుంది. బైకుల వాళ్లు ఓవర్‌ఫ్లో అంటారే, అదే, కాకపోతే పదింతలు. ఆ పోసే కొలత సరిచూడాలంటే ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. అందుకని రోజుకు ఒక్కటే ప్రయత్నం. ఒక అంకె మార్చి సెల్ఫు కొట్టడం, ఫలితం చూడటం, ఇక రేపే. మూడు వారాలుగా పొద్దున్నే ఒక్కసారి స్టార్టు చేసి కూర్చోవడం చూసి, ఇదేం వ్రతమే అని అమ్మ అడిగింది. ముంచేస్తే బయటపడే దారి కూడా అందులోనే రాశాను. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫు కొడితే పెట్రోలు ఒక్క చుక్క కూడా పడకూడదు, గాలి మాత్రమే ఆడాలి, ప్లగ్గులు రవ్వలు కొడుతూనే ఉండాలి. రాసి పెట్టాను కానీ పరీక్షించలేదు. పరీక్షించాలంటే కావాలని ముంచాలి. అంత గుండె ఎవరికుంది.

వేసవి చివరి ఆదివారం చెన్నై వ్యాపారి వచ్చాడు. మర్యాదస్తుడే, కాదనను. నలభై ఏళ్లుంటాయి, చేతికి నూనె మరకలున్న మనిషి. అయితే వెనకే లారీ కూడా తెచ్చుకున్నాడు, ఇద్దరు మనుషులతో, కట్టడానికి బెల్టులతో. లారీని మా షాపు ముందు వెనక్కి తిప్పి మరీ నిలబెట్టారు. పెళ్లి చూపులకు మేళం తెచ్చుకున్నట్టు అనిపించి నాకు ఒళ్లు మండింది. తమిళం కలిసిన తెలుగులో నన్ను పలకరించి, రెడీనా అక్కా అన్నాడు. రెడీ అని ల్యాప్‌టాప్ తేవడానికి లోపలికి వెళ్లాను.

నేను లోపల ఛార్జర్ వెతుక్కుంటుండగా అమ్మ పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది. కొత్త ఇంజిన్ అంటే కొత్త బండే కదా, పూజ లేకుండా సముద్రం దాకా ఎలా పంపుతుందావిడ. కొబ్బరికాయ, కర్పూరం, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. భాయ్‌కి అభ్యంతరం లేకపోవడం అటుంచి, అమ్మ తెచ్చిన కాయలు చిన్నవని తన జేబులోంచి రెండు పెద్దవి తీసి ముందు చక్రాల కింద ఆయనే మార్చి పెట్టారు. మా మండీ కాయలు పెట్టండమ్మా అని సంబరంగా కారు ఎక్కి, స్టార్టు చేసి, ఒక అడుగు ముందుకు పోనిచ్చారు. నాలుగు కాయలూ చిట్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ హారతి ఇవ్వబోతుంటే, హారతి దగ్గర ఇంజిన్ ఆడకూడదని ఆయన తాళం తిప్పి ఆపేశారు.

నేను లోపలి నుంచి విన్నాను. లేవడం, పదిసార్లు ఊపిరి తీసినంత సేపు ఆడటం, ఆగడం. ఛార్జర్ అక్కడే పడేసి వచ్చాను. అప్పటికే భాయ్ మళ్లీ సెల్ఫు కొడుతున్నారు. తిరుగుతోంది, అంటుకోవడం లేదు. మళ్లీ కొట్టారు. గర్ గర్ మని నీరసంగా తిరిగింది. వెనక నుంచి పచ్చి పెట్రోలు వాసన గుప్పున వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు. పొద్దుటి స్టార్టు ఇన్నాళ్లూ నేనే చేశాను, ఆ సంబరంలో ఆయనకు గుర్తు లేదు. ఈ జిల్లాలో బండి కొన్న ప్రతి మనిషీ చేసే పనే చేశారు. ఏ బండికీ ఏమీ కాదు, దీనికి తప్ప.

వ్యాపారి లారీ వైపు చూశాడు, అంతే. ఆయన మనుషులు బెల్టులు విప్పడం మొదలుపెట్టారు. అమ్మ చేతిలో కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది. భాయ్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయారు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ రోజు కోపమే పనికొచ్చింది.

"దిగండి భాయ్," అన్నాను. "ఎవురూ ఇంక తాళం ముట్టుకోబాకండి."

నేను కూర్చున్నాను. నాయనను పిలవాల్సిన పని లేకపోయింది. ఆయన అప్పటికే లారీ బ్యాటరీ ఒకటి రెండు చేతులా మోసుకొస్తున్నాడు, భుజం మీద కేబుళ్లు. క్లిప్పులు తగిలించి తల ఊపాడు. ఎక్సలేటర్ నేలకు అంటేలా తొక్కాను. సెల్ఫు కొట్టాను. నేను రాసింది నిజమైతే ఇప్పుడు లోపలికి గాలి తప్ప ఏమీ పోకూడదు. ఇంజిన్ తిరుగుతోంది, వెనక నుంచి తడి గాలి ఉమ్మినట్టు చప్పుడు. ఆపాను, సెల్ఫు మోటారు చల్లబడేదాకా ఆగాను. మళ్లీ కొట్టాను. ఈసారి మధ్యలో ఎక్కడో ఒక్క దెబ్బ మోగింది. ఒక్కటే. నాయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పట్టుకున్నాది మే. కాలు తియ్యబాక," అన్నాడు.

తీయలేదు. ఇంకొక దెబ్బ, ఇంకొకటి, తర్వాత వరసగా. అప్పుడు మెల్లగా కాలు ఎత్తాను. తెల్లటి పొగ షాపును, లారీని, అమ్మ పళ్లేన్ని, అన్నిటినీ కప్పేసింది. పొగలోంచి ఆ చప్పుడు వచ్చింది, భాయ్ కారు కొనేలా చేసిన ఆ చప్పుడు, బ్రప్ బ్రప్ బ్రప్ అని. దగ్గుతూ నవ్వుతున్నది ఎవరో కనబడలేదు. ఆ నిమిషంలో నాకు కలిగిన ఆనందం పెళ్లినాడు కూడా కలగలేదు. మా ఆయన ఇది చదివితే చదవనీ.

వేడి మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముల్లు వచ్చాక దిగబోతే భాయ్ వద్దన్నారు. నువ్వే తీసుకుపో, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పో, ఆయన చెవులతో ఆయన్నే విననీ అన్నారు. వ్యాపారి ఎక్కాడు.

చిల్లకూరు దాటేదాకా మామూలుగా పోయాం. కోట రోడ్డులో వాహనాలు లేవు. కుడి ఎడమల రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. రెండో గేరులో ఉంచి, వెనక గది మీటరు ఒకసారి చూసుకుని, తొక్కాను. ముల్లు లేచింది. నేను దిద్దిన గళ్లన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ పోతోంది ఇంజిన్, ఎక్కడా తడబడటం లేదు, ఎక్కడా ఎండటం లేదు. మామూలు ఇంజిన్ అయిపోయే చోట ఇది మొదలైంది. చప్పుడు సన్నబడుతూ, గట్టిపడుతూ, పైకి పైకి పోయి, చివర డాష్‌బోర్డులోంచి కీ అని ఒక బజర్ మోగింది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చిందని ఆ కారు తయారుచేసినవాళ్లు పెట్టిన బజర్ అది. ఇంత కాలంలో మాలో ఎవరమూ దాన్ని వినలేదు. అక్కడిదాకా వెళ్లనే లేదు కదా.

కాలు తీశాను. రెండు గదుల వేడీ ఒకే చోట ఉంది. సముద్రం ఒడ్డున ఇసుక మొదలయ్యే చోట ఆపాను, ఇంజిన్ ఆపకుండా. వ్యాపారి అద్దం దించి ఆ చప్పుడు విన్నాడు.

"నేను చెన్నైలో రోటరీలు మూడు తీసి పారేసినాను అక్కా," అన్నాడు. "దీని మీద చెయ్యి వెయ్యను. తిప్పండి, పోదాం."

తిరిగి వచ్చేసరికి భాయ్ షాపు ముందు రోడ్డుకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. చూడటానికి ధైర్యం లేక చప్పుడు కోసం నిలబడ్డారట. వ్యాపారి దిగి, ఆయన చెయ్యి పట్టుకుని, అమ్మొద్దు భాయ్ అన్నాడు. లారీ ఖాళీగా పోవడం ఇష్టం లేక భాయ్ మండీకి ఫోన్ చేసి నిమ్మకాయల బస్తా ఒకటి అందులో వేయించారు. వాళ్లు బెల్టులతో బస్తాను కట్టుకుని వెళ్లారు.

నేను దిగి తలుపు తెరిచి పట్టుకున్నాను. ఇంజిన్ ఆడుతూనే ఉంది. భాయ్ కూర్చున్నారు. పక్క సీటు ఖాళీ. నాయన అటూ ఇటూ చూశాడు, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఎక్కాడు. ఎక్కి తలుపు వేసుకుని, అద్దం దించి, నన్ను పిలిచాడు.

"వెనక గదికి పెట్రోలు బాగా పోసినావు గదా? తగ్గియ్యలేదు గదా?"

"తగ్గియ్యలేదు నాయనా."

"తగ్గియ్యబాక," అన్నాడు, అది తన మాటే అన్నట్టు. భాయ్ గేరు వేశారు.